నీటి దారే నగరానికి మొదటి పటం

సభకు నమస్కారం.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తి వేలమందిని బలిగొన్న తరువాత, నిజాం ప్రభుత్వం పిలిస్తే వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరంలోని నది గట్ల దగ్గరే ఆగిపోలేదు. ఎగువకు దృష్టి సారించి పరీవాహక ప్రాంతమంతా లెక్కగట్టారు. అక్కడున్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయని తేలింది. గొలుసుకట్టులో పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది. అదీ తెగితే రెండింటి నీరూ కలిసి మూడోదాని మీద విరుచుకుపడుతుంది. నగరాన్ని కాపాడాలంటే ఎగువనే నీటిని నిలపాలన్న ఆయన సూచన నుంచే మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో సిద్ధమయ్యాయి.

ఈ పాఠాన్ని మన పురపాలక ప్రణాళికలు ఇంకా పూర్తిగా నేర్చుకోలేదని నా అభిప్రాయం. మనం వార్డుల వారీగా ఆలోచిస్తాం. నీరు వాలు చూసుకుని పారుతుంది. ఒక చెరువు నిండి మత్తడి దుంకిన నీరు ఏ కాలువ గుండా ఏ చెరువుకు చేరాలో పాత రోజుల్లో చెరువు నీటి పారకం చూసే ఊరి నీరటికి కంఠతా తెలిసేది. ఈనాడు ఆయకట్టు లేదు కాబట్టి చెరువుతో పని తీరిపోయిందనుకుంటున్నాం గానీ, కుండపోత వానను కొన్ని గంటలపాటు ఆపి నిదానంగా వదిలే దాని పని ఎన్నటికీ తీరదు. 2020 అక్టోబరులో బాలాపూర్ దగ్గరి గుర్రం చెరువు కట్ట తెగి కింది కాలనీలు మునిగినప్పుడు ఆ సంగతి కళ్లారా చూశాం.

2012 నాటి భవన నిర్మాణ నియమాలు 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుల చుట్టూ 30 మీటర్లు వదలమంటాయి. 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు మాత్రం 2 మీటర్లే. చెరువును నింపేవి, నిండాక దాని నీటిని మోసుకుపోయేవి చాలావరకు ఈ చిన్న నాలాలే. వాటిని ఇరుకుచేసి, చెరువు చుట్టూ ఎంత అందమైన కంచె వేసినా అది వానాకాలంలో నిండదు. లేదా నిండిన నీరు దారి దొరకక ఇళ్లలోకి వస్తుంది.

ఇదే కారణంగా 1996లో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను కట్టడి చేసిన జీవో 111ను నేను గొప్ప నిర్ణయంగా భావిస్తాను. 2022లో జీవో 69తో ఆ కట్టడిని సడలించడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఇళ్ల సంగతి కూడా చిన్నది కాదు. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. 200 గజాల కప్పు మీద ఏడాదికి 800 మిల్లీమీటర్లు కురిస్తే లక్షా ముప్పై వేల లీటర్ల పైమాటే. ఇంకుడు గుంత అనుమతి కాగితం మీద ఉంటే చాలదు. అందులో చేరిన పూడికను ఏటా మృగశిర కార్తెకు ముందే తీయించాలి.

ఇక్కడున్న ఇంజనీర్లకు, పట్టణ ప్రణాళిక అధికారులకు నాదొక్కటే విన్నపం. ప్రతి లేఅవుట్ దస్త్రంలోనూ ఒక పటం తప్పనిసరి చేయండి: ఈ భూమి మీద పడిన వాన ఏ నాలాలోకి, అక్కడి నుంచి ఏ చెరువులోకి పోతుందో అది చూపాలి. ఆ గీత మధ్యలో తెగితే అనుమతి అక్కడే ఆగాలి.