పాసైన గోడ గురించి ఎవరూ ఫోన్ చేయరు

రిటైనింగ్ గోడల డిజైన్ సాఫ్ట్‌వేర్ వాడే ఇంజనీర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

సభలో ఉన్న ఇంజనీర్లందరికీ నమస్కారం.

రిటైనింగ్ గోడలను, అంటే వెనుక మట్టి జారిపోకుండా ఆపే గోడలను, డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌కు సపోర్ట్ ఇచ్చే పనిలో నేను చాలా ఏళ్లుగా ఉన్నాను. ఇన్నేళ్లలో నాకు ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఒకటుంది. మట్టి ఒత్తిడి గురించిన తన సిద్ధాంతాన్ని కూలూంబ్ 1776లో ప్రచురించాడు, రాంకిన్ తనదాన్ని 1857లో వెలువరించాడు, ఈనాటికీ మనం వాడుతున్నవి ప్రధానంగా ఆ ఇద్దరి సూత్రాలే. మట్టి మారలేదు, గురుత్వాకర్షణ మారలేదు. అటువంటప్పుడు మాటిమాటికీ అప్‌డేట్ ఎందుకు అని అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్నే గనుక దానితోనే మొదలుపెడతాను.

సిద్ధాంతం మారకపోయినా దాన్ని వాడుకునే నియమాలు మారుతుంటాయి. ఒక్క ఉదాహరణను దగ్గరగా చూద్దాం. అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ వారి 318 కోడ్‌లో, 2014 ముద్రణ వరకు, షియర్ స్టీలు లేని కాంక్రీటు ఎంత షియర్‌ను (అడ్డంగా కోసే బలాన్ని) తట్టుకుంటుందో చెప్పడానికి అందరికీ నోటికి వచ్చిన ఒక సులువైన సూత్రం ఉండేది: మెగాపాస్కళ్లలో చెప్పాలంటే, కాంక్రీటు బలం వర్గమూలానికి 0.17 రెట్లు. 2019 ముద్రణలో దాని స్థానంలోకి వచ్చిన సూత్రంలో స్టీలు నిష్పత్తి ఘనమూలం ఉంది, సెక్షన్ లోతు పెరిగేకొద్దీ తగ్గిపోయే సైజు గుణకం కూడా ఉంది. గోడ స్టెమ్‌లో, అంటే నిలువు భాగంలో, మనం మామూలుగా షియర్ స్టీలు పెట్టం, కాబట్టి ఈ మార్పు నేరుగా మన గోడల మీదికే వచ్చింది. ఎఫెక్టివ్ డెప్త్ (నొక్కుడు పడే అంచు నుంచి స్టీలు దాకా ఉన్న లోతు) 350 మిల్లీమీటర్లు, స్టీలు 0.3 శాతం ఉన్న స్టెమ్‌ను తీసుకుని లెక్క వేస్తే, పాత 0.17 ఉన్నచోట ఇప్పుడు సుమారు 0.087 వస్తుంది. అదే గోడ, అదే కాంక్రీటు, అదే మట్టి. షియర్ సామర్థ్యం మాత్రం దాదాపు సగానికి దిగింది.

ఆ కోడ్‌ను చేర్చిన వెర్షన్ విడుదలైనప్పుడు, నిన్న పాసైన గోడ ఇవాళ ఫెయిల్ అవుతోందనీ, ప్రోగ్రామ్‌లో ఏదో చెడిందనీ మాకు వరసగా మెయిళ్లు వచ్చాయి. ప్రోగ్రామ్‌లో ఏమీ చెడలేదు. అయినా ఆ మెయిళ్లు రాసినవారిని నేను తప్పుపట్టను. విడుదల వివరాల్లో మేము రాసింది "2019 కోడ్‌కు మార్చాము" అన్న ఒక్క ముక్క. ఆ ఒక్క ముక్కను చదివి స్టెమ్ మందం పెంచాల్సి వస్తుందని ఎవరు ఊహించగలరు? ఏ మార్పు చేశామన్నదే కాకుండా, ఒక మామూలు గోడలో ఏ అంకె ఎంత మారుతుందో కూడా రాసినప్పుడే అవి విడుదల వివరాలు అనిపించుకుంటాయని నా అభిప్రాయం. అలా రాయమని సాఫ్ట్‌వేర్ తయారుచేసేవారిని నిలదీసే హక్కు వాడేవారికి ఉంది.

మట్టికి సంబంధించిన యూరప్ డిజైన్ కోడ్ యూరోకోడ్ 7 విషయమూ ఇంతే. 2004లో వచ్చిన మొదటి భాగంలో ఉన్న నియమాలు రెండో తరం కోడ్‌లో మూడు భాగాలుగా విడిపోయాయి, రిటైనింగ్ నిర్మాణాలు మూడో భాగంలోకి వెళ్లాయి. ఏ నియమం ఎక్కడికి చేరిందో, ఏది మాట మారిందో, ఏది అర్థమే మారిందో సరిచూసుకుంటూ ప్రోగ్రామ్‌లో ఒక్కొక్క గడినీ సవరించాలి. ఇవి కాక ఆపరేటింగ్ సిస్టమ్ మార్పులు, లైసెన్స్ పద్ధతులు, రిపోర్టు ముద్రణ వంటివి ఉంటాయి. వాటి వల్ల పని ఆగిపోవచ్చేమో గానీ గోడ కూలదు, కనుక వాటిని ఇక్కడితో వదిలేస్తాను.

ఇప్పుడు మా సొంత పొరపాటు ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా దానిలోనే ఉంది.

ఒక వెర్షన్‌లో గోడ వెనుక నీటి మట్టాన్ని నమోదు చేసే గడిని కొత్తగా చేర్చాము. నీటి మట్టాన్ని గోడ పైఅంచు నుంచి కిందికి కొలవాలని నిర్ణయించాము. పాత వెర్షన్‌లో తయారైన ఫైళ్లలో ఆ గడే లేదు. వాటిని తెరిచినప్పుడు నీరు లేదని అనుకోవాల్సిన ప్రోగ్రామ్, ఖాళీని సున్నాగా చదివింది. పైఅంచు నుంచి సున్నా లోతులో నీరుందంటే, గోడ వెనుక నిండా నీరు నిలిచి ఉందని అర్థం.

ఒక ఇంజనీరు 4 మీటర్ల గోడ ఫైలును తెరిచారు. వెనుక మట్టి సమతలం, ఘర్షణ కోణం (మట్టి రేణువులు జారకుండా పట్టుకునే శక్తికి కొలత) 30 డిగ్రీలు, మట్టి బరువు ఘనపు మీటరుకు 18 కిలోన్యూటన్లు, నీటితో పూర్తిగా తడిస్తే 20. యాక్టివ్ గుణకం, అంటే మట్టి నిలువు ఒత్తిడిలో గోడను పక్కకు తోసే వాటా, మూడింట ఒక వంతు. మీటరు పొడవు గోడ మీద పడే తోపుడు 48 కిలోన్యూటన్లు అని ఆయన నోటిలెక్కగానే చెప్పగలరు. రిపోర్టులో 105.7 అని ఉంది. నీట మునిగిన మట్టి తేలిక పడుతుంది గనుక మట్టి వాటా 27.2కు తగ్గింది, కానీ నీరు ఒక్కటే 78.5 కిలోన్యూటన్లతో తోస్తోంది. గోడ అడుగు దగ్గర ఓవర్‌టర్నింగ్ మోమెంట్ (గోడను తిప్పి పడదోసే ప్రభావం) 64 నుంచి దాదాపు 141 కిలోన్యూటన్ మీటర్లకు ఎగబాకింది. ఆయన వెంటనే ఫోన్ చేశారు, వివరాలతో మెయిల్ కూడా రాశారు. రెండు రోజుల్లో సవరించిన వెర్షన్ ఇచ్చాము, ఎవరికీ నష్టం జరగలేదు.

నష్టం జరగకపోవడం అందరికీ ఊరట కలిగించింది. నాకు మాత్రం ఆ రాత్రి వేరే ఆలోచన వచ్చింది. ఆ పొరపాటు ఎదురు దిక్కులో జరిగి ఉంటే ఏమయ్యేది? నిజంగానే నీరు నిలిచే చోట కట్టబోయే గోడ ఫైలును తెరిచినప్పుడు ప్రోగ్రామ్ ఆ నీటిని జారవిడిచి, 105.7 స్థానంలో 48 చూపి ఉంటే? స్లైడింగ్ (గోడ ముందుకు జారడం) పాస్, ఓవర్‌టర్నింగ్ పాస్, అడుగు మట్టి మీద ఒత్తిడి పాస్. తెర మీద అన్నీ పచ్చగా కనిపిస్తాయి. అంతా పచ్చగా ఉన్నప్పుడు ఫోన్ చేసేది ఎవరు? ఫెయిలైన గోడ గురించి ఫోన్ వస్తుంది, పాసైన గోడ గురించి రాదు. అంటే మాకు చేరే ఫిర్యాదులన్నీ దాదాపుగా సురక్షితమైన వైపు జరిగిన తప్పులవే. ప్రమాదకరమైన వైపు జరిగిన తప్పులు ఉంటే, అవి మౌనంగా రిపోర్టుల్లోకీ, అక్కడి నుంచి కాంక్రీటులోకీ వెళ్లిపోతాయి. సపోర్ట్ విభాగం ఎంత చురుకైనదైనా తన దాకా రాని ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

అందువల్ల అప్‌డేట్ వేసుకోగానే పని పూర్తయిందని దయచేసి అనుకోవద్దు. మీకు బాగా తెలిసిన నాలుగైదు గోడలను ఎంచుకుని, వాటిని చేతిలెక్కతో మీ సొంత నోట్‌బుక్‌లో సాధించి పెట్టుకోండి. వెర్షన్ మారిన ప్రతిసారీ ఆ గోడలను నడిపించి చూడండి. పైన చెప్పిన 4 మీటర్ల గోడ మొదటిది కావచ్చు. అదే గోడ వెనుక మట్టిని 20 డిగ్రీల వాలుకు మార్చితే రాంకిన్ గుణకం 0.333 నుంచి 0.414కు పెరగాలి. సమతలం మీద చదరపు మీటరుకు 10 కిలోన్యూటన్ల సర్‌చార్జ్, అంటే మట్టి పైన అదనపు బరువు, పెడితే 13.3 కిలోన్యూటన్ల తోపుడు అదనంగా రావాలి, అదీ గోడ ఎత్తులో సగం దగ్గర, అంటే 2 మీటర్ల దగ్గర పనిచేయాలి, మట్టి తోపుడులాగా మూడో వంతు దగ్గర కాదు. పాస్, ఫెయిల్ అన్న మాటలను పోల్చి సంతృప్తి పడవద్దు; గుణకం, తోపుడు, అది పనిచేసే ఎత్తు, మోమెంట్ ఇలా మధ్యలో వచ్చే ప్రతి అంకెనూ పోల్చండి. మారకూడనిది మారిందా అని ఎలాగూ చూస్తారు. మారాల్సింది మారకుండా ఉండిపోయిందా అన్నది కూడా చూడండి. 2019 షియర్ నియమం చేర్చామని ప్రకటించిన వెర్షన్‌లో మీ స్టెమ్ షియర్ అంకె పాతదే వస్తే, అది కూడా మాకు ఫోన్ చేయాల్సిన విషయమే.

భూకంప లెక్క ఉన్న గోడను ఈ జాబితాలో తప్పకుండా పెట్టుకోండి. మోనోనోబే, ఒకాబే పేర్లతో ప్రసిద్ధమైన సూత్రంలో ఒక వర్గమూలం ఉంది. దాని కింద మట్టి ఘర్షణ కోణంలో నుంచి వెనుక వాలు కోణాన్నీ, భూకంప త్వరణానికి సంబంధించిన కోణాన్నీ తీసివేసి సైన్ కట్టాలి. ఘర్షణ కోణం 30, వాలు 20 డిగ్రీలు, క్షితిజ భూకంప గుణకం (గురుత్వ త్వరణంలో వంతుగా) 0.2 అనుకుందాం. 0.2కు సరిపడే కోణం 11.3 డిగ్రీలు. 20కి 11.3 కలిపితే 31.3, అంటే 30ని దాటిపోయింది. వర్గమూలం కింద రుణసంఖ్య వచ్చింది, సూత్రానికి జవాబు లేదు. పొడి ఇసుక వంటి మట్టిలో దీని భౌతికార్థం కూడా స్పష్టమే: గోడ సంగతి తర్వాత, ఆ కుదుపులో ముందు ఆ వాలే నిలవదు. ఇక్కడ ఒక ప్రోగ్రామ్ ఆగిపోయి ఎందుకు ఆగిందో చెబుతుంది. మరొకటి ఆ రుణసంఖ్యను సున్నాగా పట్టుకుని ఒక జవాబును ముద్రిస్తుంది. అలా పట్టుకోవడానికి కొందరు ఇంజనీర్లకు కారణాలు ఉండవచ్చు, కానీ వాడేవారికి చెప్పకుండా అలా చేయడం నాకు సమ్మతం కాదు. మీరు వాడే ప్రోగ్రామ్ ఇలాంటి చోట ఏం చేస్తుందో సపోర్ట్‌ను అడిగి, జవాబును రాతపూర్వకంగా తీసుకోండి.

సపోర్ట్‌కు రాసే పద్ధతి గురించి కొంత చెప్పాలి. "గోడ ఫెయిల్ అవుతోంది, అర్జెంటు" అని వచ్చిన మెయిల్‌కు జవాబివ్వడానికి ముందు మేము ఆరేడు ప్రశ్నలు వేయాల్సి వస్తుంది, ఆ ప్రశ్నలకే ఒక రోజు గడిచిపోతుంది. ఆ 4 మీటర్ల గోడ ఇంజనీరు రాసిన మెయిల్ వేరుగా ఉంది: "పాత వెర్షన్‌లో చేసిన ఫైలును కొత్తదానిలో తెరిచాను. ఏ విలువా మార్చలేదు. చేతిలెక్కలో తోపుడు 48, రిపోర్టులో 105.7. గోడ వెనుక నిండా నీరున్నట్లు లెక్కిస్తే వచ్చే అంకెతో ఇది సరిపోతోంది. రెండు ఫైళ్లూ, నా చేతిలెక్క పేజీ జతచేశాను." రెండు వెర్షన్ల నంబర్లు కూడా అందులో ఉన్నాయి. ఆ మెయిల్ చదివిన పది నిమిషాల్లో తప్పు దొరికింది. తనకు ఏ అంకె రావాలో తెలిసి అడిగిన మనిషి ఆయన. గోడను వీలైనంత సరళం చేసి, సంబంధం లేని లోడ్లు తీసేసి, అప్పటికీ తప్పు కనిపిస్తోందని చూపిస్తే మాకు సగం పని తగ్గుతుంది. ప్రాజెక్టు యజమాని పేరూ, స్థలం వివరాలూ తొలగించి పంపడం మరచిపోకండి. మాకు వాటి అవసరం లేదు.

సపోర్ట్ చేయకూడని పని కూడా ఒకటుంది. ఘర్షణ కోణం 30 పెట్టాలా, 35 పెట్టాలా అని మమ్మల్ని అడుగుతుంటారు. 35 పెడితే గుణకం 0.271కి తగ్గుతుంది, అదే గోడ మీద తోపుడు 48 నుంచి 39కి దిగుతుంది. బేస్ వెడల్పు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది. ఆ మట్టిని చూడనివాళ్లం, పరీక్ష చేయనివాళ్లం ఆ మాట ఎలా చెబుతాము? టో (బేస్ ముందు అంచు) ముందు మట్టి గోడకు ఎదురుగా ఇచ్చే పాసివ్ నిరోధాన్ని ఎంత నమ్మాలన్నదీ ఇంతే. రేపు ఎవరైనా పైపు కోసం అక్కడ తవ్వవచ్చునన్న ఆలోచనతోనే యూరోకోడ్ 7 మొదటి తరం కోడ్, కాంటిలీవర్ గోడకు తవ్వకం మట్టం పైనున్న ఎత్తులో 10 శాతం మేర, గరిష్ఠంగా అర మీటరు వరకు, ముందు మట్టి లేనట్లు భావించమంది. ఆ గడిని ఎక్కడ మార్చాలో మేము చూపిస్తాము. మార్చాలా వద్దా అన్నది డ్రాయింగ్ మీద సంతకం చేసేవారే తేల్చుకోవాలి.

పాత వెర్షన్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. సగం నడిచిన ప్రాజెక్టులో వెర్షన్ మార్చకండి. మార్చక తప్పకపోతే అప్పటిదాకా చేసిన గోడలన్నింటినీ మళ్లీ నడిపించండి. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదానిలో తెరుచుకోకపోవచ్చు కనుక తెరవడానికి ముందే కాపీ తీసి పెట్టుకోండి. ప్రతి రిపోర్టు మీద వెర్షన్ నంబరు ముద్రితమయ్యేలా చూసుకోండి. గోడ యాభై ఏళ్లు నిలబడుతుంది, ప్రోగ్రామ్ ఫైలు అంతకాలం తెరుచుకుంటుందన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. అందుకని లెక్కను కాగితం మీదో, పీడీఎఫ్‌గానో, ఇన్‌పుట్ విలువలన్నీ కనిపించేటట్లు భద్రపరచండి.

ఆ 4 మీటర్ల గోడ ఫైలును మేము పారేయలేదు. ఆ ఇంజనీరు అనుమతితో దాన్ని మా పరీక్షల వరసలో మొదటి ఫైలుగా పెట్టుకున్నాము. నీరు లేనిదొకటి, నిండా నీరున్నదొకటి, రెండు రూపాల్లో. కొత్త వెర్షన్ బయటికి వెళ్లే ముందు ఒకదానిలో 48, రెండోదానిలో 105.7 రావాలి. రాకపోతే ఆ వెర్షన్ విడుదల ఆగిపోతుంది. మీ దగ్గర కూడా చేతిలెక్కతో సరిచూసిన ఇలాంటి గోడలుంటే, పాసైనవైనా సరే, మాకు పంపండి.