ప్రార్థన అయ్యాక మర్నాడు

అందరికీ ప్రభువు పేరిట వందనాలు. మేం సువార్త పనికి వెళ్ళొచ్చిన కెన్యా సంగతులు చెప్పమని పాస్టరు గారు అడిగారు. ఈసారి వెళ్ళే టీము వాళ్ళు ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి నేను ముఖ్యంగా మీకే చెప్తాను, మిగతావాళ్ళు వినండి. సింహాల ఫోటోలు లేవు, మేం అటు వెళ్ళలేదు. ముంబై మీదుగా నైరోబి, అక్కడి నుంచి రోడ్డు మీద కిసుము, విక్టోరియా సరస్సు పక్కనున్న పల్లెలు, అంతే.

మొదటి కూడికలోనే మీ దగ్గరికి రోగులు వస్తారు. మేం డాక్టర్లం కాదు బాబూ అన్నా వస్తారు, ఎందుకంటే ఇండియా నుంచి దైవసేవకులు వచ్చారని అప్పటికే మైకులో చెప్పేసి ఉంటారు. అలా వచ్చిన వాళ్ళలో ఒకావిడకి కుడి భుజం పట్టేసి చెయ్యి లేవట్లేదు. మన టీము తమ్ముడొకడు చెయ్యి వేసి గట్టిగా ప్రార్థించి, ఇప్పుడు ఎత్తమ్మా అన్నాడు. ఆవిడ పళ్ళు బిగబట్టి చెవి దాకా ఎత్తింది, హల్లెలూయా అని షెడ్డు రేకులు అదిరిపోయాయి, రాత్రికల్లా ఆ వీడియో మన వాట్సాప్ గ్రూపులో పడింది, మీలో చాలామంది చూసే ఉంటారు. మర్నాడు పొద్దున్న ఆవిడే బోరింగు దగ్గర కనిపించింది. పసుపు రంగు నీళ్ళ క్యాను ఎడమ చేత్తో ఈడుస్తోంది, కుడి చెయ్యి పొట్టకి ఆనించుకుని ఉంది. ఎలా ఉందమ్మా అని తర్జుమా చేసే బ్రదర్ చేత అడిగిస్తే నవ్వేసి, నిన్న అంతమంది చూస్తున్నారు కదా అంది.

స్వస్థత జరగదని నేననట్లేదు, జరుగుతుందనే నమ్ముతాను, లేకపోతే అంత దూరం వెళ్ళేదాన్నే కాదు. నేనంటున్నది అడగడం గురించి. మార్కు 8వ అధ్యాయం తీయండి. బేత్సయిదాలో గుడ్డివాడి మీద చేతులుంచి యేసు ప్రభువు ఏమడిగాడు? నీకేమైనా కనిపిస్తోందా అని. వాడు మొహమాటపడలేదు, మనుషులు నడుస్తున్న చెట్లలా కనిపిస్తున్నారన్నాడు. అంటే సగమే నయమైంది. ఆ మాట అనడానికి వాడికి భయం వేయలేదు, ఆయన కోప్పడలేదు, మళ్ళీ చేతులుంచాడు. మన కూడికల్లో సగమే తగ్గిందండీ అనగలిగే ధైర్యం ఎవరికైనా ఉందా? అలా అంటే, నీకు విశ్వాసం చాల్లేదు అంటారేమోనని టెన్షన్. 2006లో అమెరికాలో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద ఒక అధ్యయనం అచ్చయింది. మీ కోసం తప్పకుండా ప్రార్థిస్తున్నారు అని ముందే చెప్పినవాళ్ళలో 59 శాతం మందికి ఇబ్బందులొచ్చాయి, ప్రార్థన జరుగుతున్నా ఆ సంగతి ఖాయంగా తెలియనివాళ్ళలో 52 శాతం మందికి. దేవుణ్ణి ఇలా కొలవచ్చా అనేది వేరే గొడవ, కొలవకూడదనే నా ఉద్దేశం. కానీ నయమైపోయినట్టు కనబడాలన్న బరువు రోగి నెత్తిన పడుతుందన్నది నాకు నమ్మబుద్ధి వేస్తోంది, ఆ భుజం నొప్పి ఆవిణ్ణి చూశాక మరీ.

ఇంకో ఇంటి సంగతి. పిల్లాడికి మూడో రోజు జ్వరం, ఒళ్ళు కాలిపోతోంది. అక్కడ ఊరికో ఆరోగ్య కార్యకర్త ఉంటుంది, మన ఆశా వర్కర్ లాంటి మనిషి. ఆవిడ వేలు గుచ్చి ఒక చుక్క రక్తం కిట్టు మీద వేసింది. ఫలితం తేలడానికి పావుగంట పడుతుంది. మేం ప్రార్థించింది ఆ పావుగంటే, పిల్లాడి అమ్మ చెయ్యి పట్టుకుని, మైకు లేకుండా. రెండు గీతలు వచ్చాయి, మలేరియా. మందు మూడు రోజులు వేయాలి, రెండు పూటలకే జ్వరం దిగిపోయినా సరే ఆపకూడదు. మేం ఆ మూడు రోజులూ వెళ్ళాం. ఏజెన్సీలో పనిచేసిన వాళ్ళు ఇక్కడున్నారు, పాడేరు, అరకు వైపు జ్వరాలంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు. అయినా మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని 1897లో రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాదులోనే కదా.

మందుల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెప్తాను. కిసుము వైపు హెచ్‌ఐవీ ఎక్కువ. ప్రార్థన అయ్యాక ఎవరైనా మీ దగ్గరికొచ్చి, ఇక మాత్రలు మానేయనా అని అడిగితే, వద్దు అని ఒక్క మాటలో చెప్పండి. ఆగిపోతే వైరస్ మళ్ళీ పెరుగుతుంది, కొన్నిసార్లు ఆ మందుకే లొంగకుండా పోతుంది. అప్పటికి మనం ఇక్కడ బీచ్ రోడ్డులో మిరపకాయ బజ్జీలు తింటూ ఉంటాం. కెన్యాలోనే, తీరం వైపు షాకహోలా అడవిలో, ఒక బోధకుడి మాట విని, ఉపవాసం ఉండి ప్రాణం విడిస్తే యేసుని కలుసుకుంటామని నమ్మినవాళ్ళవి 2023లో మొదలుపెట్టి 400కి పైగా శవాలు తవ్వి తీశారు. పరాయి బోధకుణ్ణి చూస్తే అక్కడివాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారంటే వాళ్ళ తప్పేం లేదు.

నయం కానివాళ్ళు ఉంటారు, వాళ్ళకి చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. తనతో తిరిగిన త్రోఫిమును మిలేతులో రోగిగానే విడిచి వచ్చానని పౌలే తిమోతికి రాశాడు. మన విశాఖకి 1805లో లండన్ మిషన్ తరఫున వచ్చిన క్రాన్, డెస్ గ్రేంజెస్ సంగతి చూడండి, సువార్తల్ని తెలుగులోకి తెస్తూ తెస్తూ 1809లో ఒకరు, 1810లో ఒకరు పోయారు. వాళ్ళు ప్రార్థించలేదంటారా?

సరే, పని సంగతులు. ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందే వేయించుకోండి, ఆ లోపు కార్డు చెల్లదు, కార్డు లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. మలేరియా రాకుండా వేసుకునే మాత్రలు డాక్టరు రాసినన్ని రోజులూ వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా. ప్రార్థనాపరుల్ని దోమలు కుట్టవని ఎక్కడా రాయలేదు. దోమతెర ఎవరిది వాళ్ళే తెచ్చుకోండి, ప్రార్థన చేసేటప్పుడు వీడియో తీసే పని మాత్రం ఈసారి ఎవరికీ అప్పగించట్లేదు.