బండి చేరింది, మరి సరుకు?

నమస్కారమండీ. చెన్నై మాధవరం నుంచి మాట్లాడుతున్నాను. వెనకాల హారన్ల మోత వినిపిస్తే ఏమనుకోకండి, లారీ స్టాండు పక్కన అద్దెకుండేవాడికి ఇంతకన్నా నిశ్శబ్దం దొరకదు.

మొన్న గూడూరు నుంచి ఒకాయన ఫోన్ చేశారు. ఆయనకు హార్డ్‌వేర్ షాపు ఉంది. వారానికి రెండు లోడ్లు చెన్నై నుంచే పోతాయి. ఆయన బాధ ఇదీ: "లారీకి జీపీఎస్ ఉంది. బండి తడ దాటడం, సూళ్లూరుపేట దాటడం అన్నీ ఫోన్‌లో చూస్తూనే ఉన్నా. తీరా దించుకుంటే పన్నెండు పెట్టెలు తక్కువ. మరి ఆ జీపీఎస్ ఏం వెలగబెట్టినట్టు?"

కోపం న్యాయమైనదే. కానీ జీపీఎస్ తన పని తాను చేసింది. బండి ఎక్కడుందో చెప్పింది. పెట్టెలు ఎక్కడున్నాయో దానికి తెలిసే దారే లేదు. రెండూ ఒకటేనని మనం అనుకున్నాం.

నేనూ అనుకున్నాను లెండి ఒకప్పుడు. ఇక్కడే ఒక లారీ ఆఫీసులో ఆరేళ్లు డిస్పాచ్ చూశాను. రెడ్ హిల్స్ దగ్గర ఒక పార్టీకి టైల్స్ లోడు, రెండొందల నలభై పెట్టెలు. మ్యాప్‌లో వాళ్ల గోడౌన్ చుట్టూ వంద మీటర్ల గిరి గీసి పెట్టుకున్నాం. దీన్నే జియోఫెన్స్ అంటారు. మన భాషలో లక్ష్మణరేఖ అనుకోండి. అక్కడ గీత దాటితే గొడవ, ఇక్కడ బండి గీత దాటి లోపలికొస్తే సంతోషం. సాయంత్రం ఐదింటికి లారీ గిరిలోకొచ్చింది, చుక్క పచ్చగా మారింది, పక్కన "డెలివర్డ్" అని పడింది. నేను హాయిగా టీకి పోయాను.

నలభై నిమిషాలకు పార్టీ ఫోన్. "ఏమయ్యా, నా సరుకు ఎక్కడ?" స్క్రీన్ చూస్తే చుక్క పచ్చగానే ఉంది. పరిగెత్తుకుపోయి చూస్తే బండి పక్క గోడౌన్ ముందుంది. రెండింటికీ మధ్య ఒకే గోడ, రెండింటికీ నీలం షట్టరే. హమాలీలు సగం దించేశారు. తిరిగి ఎత్తించి, పదడుగులు అవతల మళ్లీ దింపించాం. ఆ రెండోసారి కూలీ నా జీతంలోంచి పోయింది.

తప్పు ఎక్కడ జరిగిందో చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. మన పరికరం వాటికి ఏమీ పంపదు, అవి చెప్పే టైము వింటుంది, అంతే. సిగ్నల్ రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి దూరం తేలుస్తుంది. సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చిందంటే చోటు 300 మీటర్లు తప్పుతుంది. మన పరికరంలో ఉండేది చవక గడియారం కాబట్టి, దాని తప్పును కూడా లెక్కలోంచి తీసేయడానికి కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. ఖాళీ మైదానంలో అయితే కొన్ని మీటర్ల తేడాతో సరిగ్గానే చెబుతుంది. రేకుల షెడ్డు పక్కకో, ఫ్లైఓవర్ కిందికో పోతే సిగ్నల్ గోడలకు కొట్టుకుని దారి తిరిగి వస్తుంది, చుక్క ఎగిరి పక్క వీధిలో కూర్చుంటుంది. పక్కపక్కనే ఉన్న రెండు షట్టర్లలో ఏది ఎవరిదో దాన్ని అడగడం అన్యాయం. గూడూరు ఆయన లారీ సూళ్లూరుపేట మీదుగా పోతుంది కదా, అక్కణ్నుంచి తూర్పుకు తిరిగితే శ్రీహరికోట. జీపీఎస్ లాంటిదే మన దేశపు సొంత వ్యవస్థ నావిక్, దాని మొదటి ఉపగ్రహం 2013 జులైలో అక్కణ్నుంచే ఎగిరింది. నావిక్ కూడా చెప్పేది పరికరం ఎక్కడుందనే. పెట్టెల సంగతి దానికీ తెలియదు.

అందుకే రెండో కన్ను కావాలి. అది పెట్టెను గుర్తుపట్టాలి.

మీ కారు అద్దానికి ఫాస్టాగ్ ఉందిగా? దానికి బ్యాటరీ ఉండదు. టోల్ గేటు దగ్గర రీడరు రేడియో తరంగాలు పంపుతుంది, ఆ శక్తితోనే లోపలి చిప్పు మేలుకుని తన నంబరు చెప్పి మళ్లీ పడుకుంటుంది. ఆర్ఎఫ్ఐడీ అంటే ఇదే. అలాంటి స్టిక్కరే పెట్టె మీద అంటించి, లారీ తలుపు దగ్గరో గోడౌన్ గుమ్మం దగ్గరో రీడరు పెడతారు. బార్‌కోడ్‌కూ దీనికీ తేడా ఉంది. మామూలు సరుకు మీద బార్‌కోడ్ "నేను ఫలానా రకం టైల్స్" అంటుంది, ఆ రకం పెట్టెలన్నిటి మీదా అదే గీతలు. ఒక్కొక్కటీ ఎదురుగా పెట్టి స్కాన్ చెయ్యాలి. ఈ ట్యాగు అయితే ఫలానా పెట్టెను నేనే అంటుంది. కంటికి కనపడకపోయినా పలుకుతుంది, సెకనులో పదుల కొద్దీ పలుకుతాయి.

వినడానికి బాగుంది కదా, ఇక చిక్కులు వినండి. నీళ్లు ఈ తరంగాలను మింగేస్తాయి, ఇనుము తిప్పికొడుతుంది. మామూలు ట్యాగును పెయింటు డబ్బా మీద నేరుగా అంటిస్తే నోరు మెదపదు. ట్యాగుకూ ఇనుముకూ మధ్యలో మందం వచ్చేలా చేసిన వేరే రకం ట్యాగులుంటాయి, ధర ఎక్కువ. హార్డ్‌వేర్ షాపు వాళ్లు ఈ మాట కొనేముందే అడగాలి. ఇంకో చిక్కు దీనికి తలకిందులు: పలకకూడనివీ పలుకుతాయి. పక్కన ఆనించి నిలబెట్టిన లారీలో పెట్టెలు కూడా "నేనున్నా" అంటాయి. పైగా ఒక్క యాంటెన్నానే ఉంటే పెట్టె లోపలికి పోయిందో బయటికి వచ్చిందో తేల్చడం కష్టం. రెండు పెడితే ఏది ముందు చూసిందో దాన్నిబట్టి దిక్కు తెలుస్తుంది. కెమెరాతో గుర్తుపట్టే పద్ధతీ ఉంది. పెట్టెలన్నీ కవల పిల్లల్లా ఉంటే అది లెక్కపెడుతుంది గానీ ఎవరిది ఏదో చెప్పలేదు.

ఇప్పుడు రెంటినీ కలపండి. బండి గిరిలో ఉంది, తలుపు సెన్సరు తెరిచారంటోంది, ఫలానా నంబరు పెట్టెలు ఒక్కొక్కటే బండిలోంచి మాయమై గుమ్మం దగ్గర రీడరుకు కనిపించాయి. ఈ మూడూ కుదిరినప్పుడే "డెలివర్డ్" పడాలి. గిరి బయట తలుపు తెరుచుకుని పెట్టె తగ్గితే అప్పుడే ఫోన్ మోగాలి.

ఈ కలపడం నాకు బాగా నచ్చింది కాంక్రీటు లారీల దగ్గర. చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుని డ్రమ్ము తిప్పుకుంటూ నిలబడి ఉంటాయి చూడండి, అవే. ఇలా ముందే కలిపి తెచ్చే కాంక్రీటును రెడీమిక్స్ అంటారు, దానికి మన దేశ ప్రమాణం ఐఎస్ 4926. లోడు చేసిన రెండు గంటల్లో దించెయ్యాలనేది అందులో సాధారణ నియమం. కాంక్రీటుకు ట్యాగు అంటించలేం కదా! కానీ డ్రమ్ము ఒకవైపు తిరిగితే కలపడం, ఎదురు తిరిగితే ఒంపడం. అందుకని డ్రమ్ముకు అయస్కాంతం బిగించి పక్కన సెన్సరు పెడతారు. సైటులో ఎదురు తిరిగిందా, దించినట్టే. రోడ్డు పక్కన చీకట్లో ఎదురు తిరిగిందా, ఎవరి ఇంటి స్లాబుకో పోతున్నట్టు! ఆ అయస్కాంతానికి మాటలు రావు గానీ, అది పట్టిస్తుంది.

డ్రైవర్ల సంగతి చెప్పకపోతే నాకు అన్నం సహించదు. సూళ్లూరుపేట డ్రైవరన్న ఒకాయన నాతో అన్నమాట: "తమ్ముడూ, ఇడ్లీకి ఆగినా ఫోనే, ఒంటికి ఆగినా ఫోనే. 'అన్నా, యాడుండావు?' అంటారు. సరుకు తీసుకొచ్చి గోడౌన్ ముందర నాలుగ్గంటలు నిలబెడితే మాత్రం ఎవురూ ఫోన్ చెయ్యరు." నిజమే కదా. బండి గిరిలోకి ఎప్పుడొచ్చిందో, తలుపు ఎప్పుడు తెరిచారో రెండు టైములూ సర్వర్‌లో ఉంటాయి. మధ్యలోది డ్రైవరు ఎదురుచూసిన కాలం. దాన్ని బిల్లులో వేసి హాల్టింగ్ చార్జీ అడగొచ్చు. ఆలస్యమైందని డ్రైవర్ బేటా, అంటే దారి ఖర్చుల డబ్బు, కొయ్యడానికి ఈ లెక్క తీసేవాళ్లను చాలామందిని చూశాను, ఇవ్వడానికి తీసినవాళ్లను చూసింది తక్కువ. పరికరం పెట్టేటప్పుడే ఆ ఎదురుచూసిన కాలం లెక్క డ్రైవరు ఫోన్‌లోనూ కనిపించేలా పెట్టించండి. అప్పుడు ఆయనే దాన్ని ఛార్జింగ్‌లో ఉంచుతాడు, వైరు ఊడినా ఆయనే చెబుతాడు.

ఇక గూడూరు పన్నెండు పెట్టెలు. ఆయన్ను ఆ రోజు దారి మొత్తం మళ్లీ వేసి చూడమన్నాను. నాయుడుపేట బజారులో ఇరవై ఐదు నిమిషాలు ఆగింది. ఆయన టీ అనుకున్నారట. ఆ లారీలో నాయుడుపేట షాపుకు కూడా సగం లోడు ఉంది, దాంతోపాటు ఈయన పెట్టెలూ దిగిపోయాయి. రెండు షాపులదీ ఒకే కంపెనీ సరుకు, ఒకే రంగు అట్టపెట్టెలు. దొంగతనం కాదు, ఎవరూ మోసం చెయ్యలేదు. ఆ షాపాయన మర్యాదస్తుడు, విప్పకుండా కొట్టు వెనక పేర్చిపెట్టాడు. నిన్నటికి అవి అక్కడే ఉన్నాయి. గూడూరు దాకా తెచ్చే ఆటో కిరాయి ఎవరు పెట్టుకోవాలనే దగ్గర వ్యవహారం ఆగింది.