క్యాన్సర్ కణాలను వెలిగించి చూపే బంగారు రేణువులు: ల్యాబ్‌లో తయారీ

నమస్కారం. చాలా నోటి క్యాన్సర్లలో కణాల మీద ఈజీఎఫ్ఆర్ అనే ప్రోటీన్ మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. దాన్ని పట్టుకునే యాంటీబాడీని (ఒక ప్రోటీన్‌ను మాత్రమే గుర్తుపట్టి అంటుకునే మరో ప్రోటీన్) బంగారు నానోరేణువులకు అంటిస్తే, డార్క్‌ఫీల్డ్ మైక్రోస్కోప్ (నల్లటి నేపథ్యంలో వెదజల్లిన కాంతినే చూపేది) కింద ఆ కణాలు మెరుస్తాయి. రసాయన శాస్త్రవేత్త ముస్తఫా ఎల్-సయ్యద్ బృందం 2005లో దీన్ని చూపించింది. ఇప్పుడు మనం చేద్దాం.

ముందు గాజుసామాను కడగాలి. మూడు పాళ్లు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నైట్రిక్ ఆమ్లం కలిపితే ద్రవరాజం; దాంతోనే కడగాలి. ఫ్యూమ్ హుడ్‌లోనే కలపండి. మూత బిగించి దాచొద్దు, వాయువుల ఒత్తిడికి సీసా పగులుతుంది. తర్వాత డీఅయొనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో మళ్లీ బాగా కడగండి.

ఫ్లాస్క్‌లో 0.01 శాతం క్లోరోఆరిక్ ఆమ్లం (బంగారం ఉన్న ఆమ్లం) 50 మిల్లీలీటర్లు పోసి, తిప్పుతూ మరిగించండి. బాగా తెర్లేటప్పుడు 1 శాతం ట్రైసోడియం సిట్రేట్ 0.5 మిల్లీలీటర్లు ఒక్కసారిగా పోయండి. లేత పసుపు పోయి, నీలి ఛాయ వచ్చి, చివరికి ఎరుపు నిలుస్తుంది.

ఈ అర మిల్లీలీటరు దగ్గర తొందరపడకండి. ఇంత పోస్తే రేణువులు సుమారు 40 నానోమీటర్లు. రెట్టింపు పోస్తే 16కి పడిపోతాయి. రేణువు వెదజల్లే కాంతి దాని వ్యాసపు ఆరో ఘాతాన్ని బట్టి మారుతుంది కాబట్టి, 16 నానోమీటర్ల రేణువు దాదాపు 240 రెట్లు మసక. ద్రావణం ఎర్రగా అందంగానే ఉంటుంది, మైక్రోస్కోప్‌లో మాత్రం ఏమీ కనిపించదు.

ఇక యాంటీబాడీ. కొన్న సీసాలో ఆల్బుమిన్ (నిల్వ కోసం కలిపే మరో ప్రోటీన్) కలిసి ఉందేమో లేబుల్ చూడండి. ఉంటే బంగారం మీద చోటంతా అదే ఆక్రమిస్తుంది. అది లేని రకం కొనండి. పొటాషియం కార్బొనేట్‌తో పీహెచ్‌ను యాంటీబాడీ ఐసోఎలక్ట్రిక్ పాయింట్‌కు (దాని మొత్తం విద్యుదావేశం సున్నా అయ్యే పీహెచ్) కాస్త పైన పెట్టండి.

ఎంత వేయాలో ఉప్పే చెబుతుంది. చిన్న ట్యూబుల్లో యాంటీబాడీని పెంచుకుంటూ వేసి, అన్నింట్లోనూ 10 శాతం ఉప్పునీళ్లు ఒకే కొలతలో కలపండి. యాంటీబాడీ చాలనిచోట రేణువులు గుమిగూడి నీలంగా మారతాయి. ఎరుపు నిలిచిన కనీస మోతాదుకు ఇంకో 10 శాతం కలిపి వాడండి. తర్వాత మిగిలిన ఖాళీలు మూయడానికి 1 శాతం ఆల్బుమిన్ వేయండి. అంటకుండా మిగిలిన యాంటీబాడీని వదిలించడానికి సెంట్రిఫ్యూజ్‌లో (గిరగిరా తిప్పి రేణువులను అడుగుకు దింపే యంత్రం) తిప్పండి; మరీ వేగంగా తిప్పితే రేణువులు అడుగున గట్టిగా అతుక్కుని మళ్లీ విడిపోవు.

కణాలతో అరగంట ఉంచి, బఫర్‌తో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) మూడుసార్లు కడిగి చూడండి. పక్కనే రెండు స్లయిడ్లు తప్పనిసరి: మామూలు కణాలది ఒకటి, బంగారం లేని విడి యాంటీబాడీతో ఈజీఎఫ్ఆర్‌ను ముందే నింపేసిన క్యాన్సర్ కణాలది ఇంకొకటి. రెండోది కూడా మెరిస్తే రేణువులు ఈజీఎఫ్ఆర్‌ను పట్టుకోలేదు, ఊరికే అంటుకున్నాయి. ఆ బ్యాచ్ పారబోసి, ఉప్పు పరీక్ష నుంచి మళ్లీ మొదలుపెట్టండి.