కర్నూలు బస్సులు, ఢిల్లీ తీర్పు

శ్రోతలందరికీ నమస్కారం.

సుప్రీంకోర్టు చరిత్రలో మైలురాళ్ల గురించి మాట్లాడమన్నారు. చరిత్రేమో డెబ్బై అయిదేళ్లది, నాకిచ్చిన టైము ఏడెనిమిది నిమిషాలు. అందుకని పెద్ద పెద్ద తీర్పులను గబగబా తలుచుకుని, నాకు బాగా ఇష్టమైన ఒక్క కేసు దగ్గర ఆగుతాను. అది మన కర్నూలు జిల్లా కేసు. బస్సుల కేసు.

ముందు ఆ గబగబా చెప్పేవి చెప్పేస్తాను. 1950 జనవరి 28న సుప్రీంకోర్టు మొదలైంది. అప్పటికి సొంత భవనం లేదు. పార్లమెంటు భవనంలోనే, ఒకప్పుడు సంస్థానాధీశుల సభ జరిగిన హాల్లో నడిచింది. 1958లో ఇప్పుడున్న భవనానికి మారింది. 1967లో గోలక్‌నాథ్ కేసు వచ్చింది. ప్రాథమిక హక్కులను కత్తిరించే అధికారం పార్లమెంటుకు లేదన్నారు. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి మన కోకా సుబ్బారావుగారే, రాజమండ్రిలో పుట్టినాయన. 1973లో కేశవానంద భారతి కేసు. పదముగ్గురు జడ్జీలు 68 రోజులు వాదనలు విని, ఏడుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపుగా తేల్చారు. రాజ్యాంగాన్ని సవరించుకోవచ్చు గానీ దాని మౌలిక స్వరూపం జోలికి పోకూడదన్నారు. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, అక్రమంగా జైల్లో పెట్టినా కోర్టుకు రావడానికి వీల్లేదని నలుగురు జడ్జీలు అంటే, అయిదో జడ్జి ఖన్నాగారు ఒక్కరే కాదన్నారు. ఆ నలుగురిది తప్పని సుప్రీంకోర్టే 2017లో ఒప్పుకుంది.

ఇవన్నీ పోటీ పరీక్షల పుస్తకాల్లో దొరుకుతాయి. బస్సుల కేసు దొరకదు.

అప్పట్లో మన ఊళ్లకు తిరిగే బస్సుల్లో చాలావరకు ప్రైవేటువే. 1956లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, రాష్ట్ర రవాణా సంస్థ ఏ రూట్లనైనా తన చేతిలోకి తీసుకునేలా చేశారు. దానికో పద్ధతి పెట్టారు. సంస్థ ఒక స్కీము తయారుచేసి ప్రకటించాలి. నష్టపోయేవాళ్లు 30 రోజుల్లో అభ్యంతరాలు చెప్పుకోవాలి. ప్రభుత్వం వాళ్ల మాట విని, అప్పుడు నిర్ణయించాలి. 1958 జనవరిలో మన ఆర్టీసీ పుట్టింది. రూట్లు ఒక్కొక్కటే ఆర్టీసీకి పోతుంటే బస్సు ఓనర్లు కోర్టు మెట్లెక్కారు.

మొదటి గొడవ కృష్ణా జిల్లాలో. అక్కడ అభ్యంతరాలు విన్నది సెక్రటరీ, నిర్ణయం తీసుకున్నది ముఖ్యమంత్రి. ఒకరు విని ఇంకొకరు తీర్పు చెబితే, ఆ వినడం వట్టి తంతు కాదా అని సుప్రీంకోర్టు అడిగింది. ఆ తీర్పు రాసిందీ సుబ్బారావుగారే. ఇవాళ్టికీ ఏ ఆఫీసులో విచారణ సరిగా జరగకపోయినా లాయర్లు ఆ మాట ఎత్తుతారు.

రెండోది మనది. 1962లో నీలం సంజీవరెడ్డిగారు మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. కర్నూలు జిల్లా పడమటి భాగంలో రూట్లను ఆర్టీసీకి ఇచ్చే స్కీము వచ్చింది. బస్సు ఓనర్లు ఊరుకోలేదు. "మా జిల్లా వంతు ఇంకా రాలేదు, ముందుకు లాగారు. ఎన్నికల్లో ముఖ్యమంత్రికి వ్యతిరేకంగా పనిచేశామని మా మీద కక్ష" అని ప్రమాణపత్రం మీద రాసిచ్చారు. హైకోర్టు కొట్టేసింది. (హైకోర్టు అప్పటికి హైదరాబాదులో ఉంది. 1953లో రాజధాని కర్నూలుకు రావడం, 1954లో హైకోర్టు గుంటూరులో మొదలవడం, 1956లో రెండూ హైదరాబాదు చేరడం, ఆ కథ ఎత్తితే ఈ టైము చాలదు.) వాళ్లు పట్టువదలకుండా ఢిల్లీ దాకా వెళ్లారు. లా పుస్తకాల్లో దీన్ని సి.ఎస్. రౌజీ కేసు అంటారు.

ఇక్కడ జాగ్రత్తగా వినండి. ఆరోపణ ముఖ్యమంత్రి మీద. దానికి ఆర్టీసీ తరఫున జవాబు వచ్చింది. ముఖ్యమంత్రి మాత్రం జవాబు ఇవ్వలేదు. అబద్ధమనీ అనలేదు, నిజమనీ అనలేదు. ప్రమాణం చేసి ఒక్క కాగితం కూడా దాఖలు చేయలేదు.

అధికారంలో ఉన్నవాళ్ల మీద కక్ష అనే మాట ఊరికే వేసేస్తుంటారు, కోర్టులు తొందరపడి నమ్మకూడదని ఆ జడ్జీలకు తెలుసు. కానీ ఆయన మనసులో ఏముందో ఆయనే చెప్పాలి కదా, ఇంకొకరు ఎట్లా చెబుతారు? మౌనం అర్ధాంగీకారం అంటాం. కోర్టులో అది కొన్నిసార్లు పూర్తి అంగీకారమే. జవాబు లేదు కాబట్టి, మిగతా పరిస్థితులు కూడా అటే చూపిస్తున్నాయి కాబట్టి, సుప్రీంకోర్టు ఆ స్కీమును కొట్టేసింది.

1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కోర్టు ఆయన్ను దిగిపొమ్మనలేదు. తీర్పులో మాట పడింది, దిగిపోయారు. అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి. ఆ తర్వాత లోక్‌సభ స్పీకరయ్యారు, 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. నన్నడిగితే ఆ తీర్పు ఎంత మైలురాయో ఆ రాజీనామా కూడా అంతే. ఇప్పుడు చూస్తున్నాం కదా, ఎన్ని మాటలు పడినా కుర్చీ కదలదు.

సరే, మన పనికొచ్చే ముక్కకు వస్తాను. జవాబు ఇవ్వాలి. ముఖ్యమంత్రికే తప్పనిది మనకు తప్పుతుందా?

మన పల్లెల్లో ఏం జరుగుతుందో మీకు తెలియంది కాదు. కోర్టు నోటీసులు తెచ్చే అమీనా ఊళ్లోకి వచ్చాడని తెలిస్తే ఇంటికి తాళం వేసి చేనుకు పోతారు. రిజిస్టర్ పోస్టు వస్తే "తీసుకోకుంటే కేసే లేదులే" అని ఎవరో చెబుతారు, పోస్ట్‌మ్యాన్‌ను తిప్పి పంపుతారు. తీసుకోను అన్నా అందినట్టే లెక్క. తలుపుకు అంటించిపోయినా అందినట్టే. ఆ తర్వాత వాయిదాకు మీరు పోకపోతే, అవతలివాళ్లు చెప్పిందే విని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తారు. రెండేళ్లకు ఎవరో వచ్చి పొలం కొలుస్తుంటే అప్పుడు టెన్షన్ మొదలవుతుంది.

సివిల్ కేసులో సమన్లు అందిన 30 రోజుల్లో జవాబు దావా, అంటే మన జవాబు రాతపూర్వకంగా, వేయాలి. కోర్టు అనుమతిస్తే 90 రోజుల దాకా గడువు దొరకొచ్చు. ఎక్స్‌పార్టీ డిక్రీ పడిపోయి ఉంటే, దాన్ని రద్దు చేయమని అడగడానికీ మామూలుగా 30 రోజులే. కాబట్టి కాగితం చేతికి రాగానే దాని మీద తేదీ చూడండి, కవరు కూడా పారేయకండి.

లాయరుకు డబ్బు లేదంటారా? కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా జిల్లా కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, పిల్లలకు, వికలాంగులకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును పెడతారు. మిగతావాళ్లలో చాలామందికి ఆదాయ పరిమితి ఉంటుంది, అక్కడే అడగొచ్చు. తెల్లకాగితం మీద తెలుగులో రాసిస్తే చాలు. రాయడం రానివాళ్లు నోటితో చెబితే వాళ్లే రాసుకుంటారు. ఫోన్ నంబరు 15100. మళ్లీ చెబుతున్నాను, ఒకటి అయిదు ఒకటి సున్నా సున్నా.