మేలు అన్న మాట

శ్రోతలకు నమస్కారం. తెలుగులో మెచ్చుకునే మాటలకు కరువు లేదు. ఈ పూట ఒక్కదాన్నే తీసుకుంటాను: మేలు. మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో బియ్యం బేరమాడితే, కొట్టాయన గుప్పెడు గింజలు అరచేతిలో పోసి "మేలు రకం అమ్మా, చూసుకోండి" అంటాడు. దాదాపు వెయ్యేళ్ల కిందట నన్నయ వాడిన మాటే అది.

'మేల్' అంటే మొదట్లో 'పైన' అనే అర్థం. పందిట్లో పైన కట్టే గుడ్డను మేలుకట్టు అనడం అందుకే. కాబట్టి ఈ మెచ్చుకోలులో సాధారణంగా ఒక పోలిక ఉంటుంది, ఒకటి కింద, ఒకటి పైన. గుడ్డికన్నా మెల్ల మేలు అంటాం. పట్టిన పట్టు విడవడం కంటే చావు మేలు అన్నాడు వేమన.

ఆ గుణాన్ని నన్నయ ఎలా వాడుకున్నాడో చూడండి. ఆదిపర్వంలో దుష్యంతుడు నిండు సభలో శకుంతలను ఎరగనంటాడు. అప్పుడామె చెబుతుంది: నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలు, నూరు బావుల కంటే ఒక యజ్ఞం మేలు, నూరు యజ్ఞాల కంటే ఒక కొడుకు మేలు, అలాంటి కొడుకులు నూరుగురి కంటే "ఒక సూనృత వాక్యము మేలు". ఒక్క పద్యంలో నాలుగు మేళ్లు! ఆమె వచ్చిందే కొడుకు కోసం. ఆ పసివాడు పక్కనే ఉన్నాడు. ఏ తల్లయినా కొడుకు దగ్గరే ఆగిపోతుంది. శకుంతల ఆగలేదు, బిడ్డకు పైన ఇంకో మెట్టు వేసి అక్కడ నిజాన్ని నిలబెట్టింది. అబద్ధమాడుతున్న రాజుకు ఆ నాలుగో మేలు సూటిగా తగులుతుంది. ఈ మాటను ఇంత ఎత్తుకు తీసుకెళ్లిన కవి నాకు మరొకరు కనబడలేదు.

మెచ్చుకోలు మాటలన్నీ ఇలా బతకవు. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో 1516లో మన సింహాచలం వచ్చి అప్పన్నకు నగలు సమర్పించాడు. ఆయన "తెలుగు లెస్స" అన్నది అందరికీ కంఠతా వచ్చు. కానీ ఆ లెస్సను ఇవాళ మార్కెట్లో ఎవరంటారు?

ఇక గురజాడ. పుట్టింది ఎస్.రాయవరం, అప్పట్లో విశాఖ జిల్లాయే. 1910లో ఇలా రాశాడు:

"గుత్తునా ముత్యాల సరములు
కూర్చుకొని తేటైన మాటల,
క్రొత్త పాతల మేలు కలయిక
క్రొమ్మెఱుంగులు జిమ్మగా"

ఇక్కడ 'కంటే' లేదు గమనించారా? పాతకంటే కొత్త మేలని గానీ, కొత్తకంటే పాత మేలని గానీ అనలేదు. రెండూ కలిస్తేనే మేలన్నాడు. కొత్త రచన అంటే పాతదాన్ని తోసెయ్యడమే అని వాదించేవాళ్లంటే నాకు బాధ కలుగుతుంది, ఈ పాదం వాళ్లు వినాలి. లయ కూడా చూడండి. క్రొత్త, పాతల, మేలు, కలయిక: మూడు, నాలుగు, మూడు, నాలుగు మాత్రలు. మేలు సరిగ్గా సగం దగ్గర పడుతుంది. మీ పిల్లల చేత ఈ పద్యం చదివించేటప్పుడు, అక్కడ కాస్త ఒత్తి పలకమని చెప్పండి.