రబ్బరు మొక్కకు గాలి అంటు

పెద్దలకు, మిద్దెతోటల మిత్రులకు నమస్కారం.

విజయవాడ అపార్ట్‌మెంట్లలో మెట్ల దగ్గరా బాల్కనీ మూలల్లోనూ పెట్టుకున్న రబ్బరు మొక్క కొన్నేళ్లకు ఒంటి కాండంతో పైకప్పు దాకా సాగి, కింది ఆకులన్నీ రాల్చుకొని బోసిగా తయారవుతుంది. దాన్ని పారేసి నర్సరీ నుంచి కొత్తది తెచ్చుకునేవారిని చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఆ మొక్క తలనే ఇంకో మొక్కగా మార్చుకొని, మిగిలిన మోడును మళ్లీ గుబురుగా పెంచుకోవచ్చు.

ఇది కేరళ తోటల్లో రబ్బరునిచ్చే హెవియా కాదు; ఫైకస్ ఎలాస్టికా, అంటే మన మర్రి, రావి, మేడి చెట్లకు దగ్గరి చుట్టం. అస్సాం, మేఘాలయల నుంచి ఇండోనేషియా దాకా ఉన్న తడి అడవులు దీని పుట్టిల్లు. మేఘాలయలో వాగుల మీద ఖాసీలు తీర్చిన సజీవ వంతెనలు దీని ఊడలే. కాండం నుంచి గాలిలోకే వేళ్లు వదలగల ఆ స్వభావాన్ని మనం కుండీలో వాడుకుంటాం.

రెండు మూడు కణుపులున్న కొమ్మ ముక్కను నాటినా బతుకుతుంది. అయితే వేళ్లు లేని ముక్క మన ఎండకు పెద్ద ఆకుల ద్వారా నీరు కోల్పోయి తొందరగా వాడిపోతుంది. ఒంటి ఆకును నీళ్లలో ఉంచితే వేళ్లు రావచ్చు గాని, కణుపు దగ్గరి మొగ్గ లేనిదే అది ఎన్నటికీ మొక్క కాదు. అందుకే మన ఊరికి గాలి అంటు పద్ధతి, అంటే కొమ్మను తల్లి మొక్క మీద ఉండగానే వేళ్లు పుట్టించి ఆ తర్వాత కోసుకోవడం, మేలని నా అభిప్రాయం.

రోహిణి కార్తె ఎండలు తగ్గి, వానలు పడ్డాక ఈ పని మొదలుపెట్టండి. చిగురుకు ఒకటిన్నర అడుగు కింద, ఒక కణుపుకు దిగువన, శుభ్రమైన చాకుతో రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా తీసేయాలి. అక్కడ కారే పాలు చర్మానికి, కళ్లకు మంట పుట్టిస్తాయి కనుక చేతికి తొడుగు వేసుకొని, పిల్లలను దూరంగా ఉంచి, తడిగుడ్డతో తుడవాలి. బెరడు కింది జిగురు పొరను పూర్తిగా గీకకపోతే గాయం మళ్లీ కలిసిపోతుంది, వేరు రాదు. లోపలి కర్ర నీటిని ఎప్పటిలాగే పైకి అందిస్తూ ఉంటుంది. ఆకులు తయారుచేసిన ఆహారం మాత్రం బెరడు లేక కిందికి దిగలేక కోత పై అంచున నిలుస్తుంది, అక్కడే వేళ్లు పుడతాయి. తల్లి నీరు అందుతున్నంత కాలం కొమ్మ వాడదు, మనకూ తొందర ఉండదు.

ఆ అంచుకు వేళ్ల హార్మోను పొడి అద్ది, నానబెట్టి గట్టిగా పిండిన కొబ్బరి పొట్టును గుప్పెడు చుట్టూ పెట్టి, పారదర్శకమైన పాలిథీన్‌తో చుట్టి రెండు చివరలా బిగించి కట్టాలి. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది వారాల్లో వేళ్లు కవరులోంచి కనిపిస్తాయి. తెల్లని వేళ్లు దట్టంగా అల్లుకొని, కొన్ని గోధుమ రంగుకు తిరిగాకే కవరు కింద కోయండి.

అడుగున రంధ్రాలున్న చిన్న కుండీలో, నీరు నిలవని మట్టిలో నాటి, నీడలో ఉంచండి. తల్లి మోడుకు నీళ్లు తగ్గించండి; కోత కింది కణుపుల నుంచి చిగుళ్లు లేస్తాయి. పిల్ల మొక్కకు మాత్రం కొత్త ఆకు విచ్చుకునేదాకా ఎరువు వేయకండి.